జహాజు సెట్టింగు

మీరు నమ్మకపోవచ్చు గానీ, ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఫోనుకి వేసే సాఫ్ట్‌వేర్ కూడా ఓడెక్కే వచ్చేది. సముద్రం అడుగున కేబుల్ పడకముందు మాట ఇది. అప్పట్లో మాకు నెట్టు అంటే, ఒక పాట దిగేలోపు అన్నం వండి, తిని, గిన్నెలు తోముకుని కూడా రావచ్చు. అందుకని వైజాగ్ వెళ్లేవాళ్ల చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, ఫలానా ఫోనుకి ఫలానా కెర్నెల్ దింపుకు రమ్మని బతిమాలేవాళ్లం. కెర్నెల్ అంటే ఫోను లోపల ప్రాసెసర్ మీద పెత్తనం చేసే ప్రోగ్రాము. అది మారిస్తే ప్రాసెసర్ వేగం మన చేతికొస్తుంది, దానికి అందే వోల్టేజీ మన చేతికొస్తుంది. తెచ్చినవాడు పొరపాటున ఇంకో మోడల్‌ది తెస్తే మళ్లీ ఓడ వచ్చేదాకా ఆకాశం చూస్తూ కూర్చోవడమే.

ఇప్పుడు రిపేరు బల్లల ముందు కూర్చుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకోసమే ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి.

నేను గోల్ ఘర్‌లో ఒక మొబైల్ షాపులో బోర్డు పని చేసేదాన్ని. బోర్డు పని అంటే ఫోను విప్పి, లోపలి పలక మీద సోల్డరింగు చేసే పని. ఆడమనిషి చేతికి ఫోను ఇవ్వాలా అని మొదట్లో జంకినవాళ్లే, కొన్నాళ్లకి నేను సెలవులో ఉంటే రేపొస్తామని వెళ్లిపోయేవారు. గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. కళ్లు మసకబారి పని మానుకున్నదానికి ఆ మాత్రం హక్కు ఉండాలి. నాకన్నా పెద్దవాళ్లు కూడా నన్ను దీదీ అనే పిలిచేవారు. మా సేటు, అంటే షాపు యజమాని, శ్రీకాకుళం వైపు కుటుంబమే, నాలాగే ఇక్కడే పుట్టినవాడు. ఆయనా దీదీ అనేవాడు. నా పక్క బల్ల మీద బెంగాలీ దాదా ఒకడుండేవాడు. అతనితో మాటలన్నీ హిందీలోనే, ఇక్కడ మాత్రం తెలుగులో రాస్తాను.

దాదాకీ నాకూ పని పంపకం ఎవరూ చెయ్యకుండానే జరిగిపోయింది. ఆటలాడే కుర్రకారు దాదా దగ్గరికి పోయేవారు. అతను ప్రాసెసర్ వేగం పెంచి, వోల్టేజీ పెంచి ఇచ్చేవాడు. దానికి రేసు సెట్టింగు అని పేరు. ఫోను గుర్రంలా పరిగెత్తేది, మధ్యాహ్నానికి దాని వీపు మీద అట్టు వేసుకోవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్లది వేరే బాధ. క్యాంప్‌బెల్ బేకో, కార్ నికోబార్‌కో ఓడలో వెళ్లాలి. చవక టికెట్టు బంకు క్లాసులో ఛార్జింగు పెట్టుకునే చోట పెళ్లి భోజనాల బంతిలా క్యూ ఉంటుంది. ఒడ్డు దాటగానే ఫోను సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగేస్తుంది. వాళ్లకి వేగం అక్కర్లేదు, బతికి ఉంటే చాలు. వాళ్ల కోసం నేను వోల్టేజీ తగ్గించి ఇచ్చేదాన్ని. అదే జహాజు సెట్టింగు. జహాజు అంటే మాకు ఓడే.

దాని కిటుకు చెబుతాను. ఏ వేగానికి ఎంత వోల్టేజీ కావాలో కంపెనీవాడు ముందే పెట్టి పంపుతాడు. కానీ చిప్పులన్నీ ఒకేలా పుట్టవు. ఒకే తల్లి పిల్లల్లో ఒకడు గంజి తాగి గంతులేస్తాడు, ఇంకొకడికి నెయ్యి పోసినా నీరసమే. కంపెనీ నీరసపు పిల్లవాణ్ణి మనసులో పెట్టుకుని అందరికీ నెయ్యి వడ్డిస్తుంది. ఈ చిప్పు గంజితో బతుకుతుందా లేదా అని చూడటమే నా పని. ఒక్కో మెట్టు వోల్టేజీ దించుకుంటూ పోతే ఒకచోట ఫోను బిగుసుకుపోతుంది. అక్కణ్ణించి కొంచెం పైకెక్కి ఆగాలి. ఆ తర్వాత దాన్ని రోజంతా నానా హింసా పెట్టాలి. వీడియోలు ఆడించి, లెక్కలు చేయించి, ఎండలో స్కూటరు డిక్కీలో పడేసి చూడాలి. అన్నిటికీ తట్టుకుంటేనే కస్టమర్ చేతిలో పెట్టేదాన్ని. పెడుతూ అందరికీ ఒకటే మాట చెప్పేదాన్ని: "ఠండాగా ఉంచండి." వేడి ప్రాసెసర్‌కి శత్రువని దాదాకీ తెలుసు, నాకూ తెలుసు, ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. ఆ మాటే నా కొంప ముంచబోయింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. సునామీ వచ్చిన రోజుల్లో నేను మిడిల్ పాయింట్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న కొట్లో ఉండేదాన్ని. ఆ తర్వాత చాలాకాలం మా దగ్గరికి వచ్చిన ప్రతి వస్తువులోనూ ఉప్పే. విప్పితే చాలు, తెల్లగా పేరుకుని ఉండేది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగి, సగం బతికించేవాళ్లం, సగం వదిలేసేవాళ్లం. జంగ్లీఘాట్ నుంచి ఒక జాలరి తన ట్రాన్సిస్టర్ తెచ్చాడు. నేను విప్పి చూసి, ఇది ఇక పలకదు అన్నా అని చెప్పేశాను. ఆయన నా మొహం కేసి చూసి, "ఈ ఊర్లో అవ్వదు అని నిజిం సెప్పినదానివి నువ్వొక్కర్తివే" అన్నాడు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో ఏది పాడైనా నా దగ్గరికే వచ్చేది. ఆయన నాకు అన్న, ఆయన భార్య నాకు వదిన. ఆవిడ బజార్లో చేపలమ్మేది, గొంతు విప్పితే గోల్ ఘర్ దాకా వినబడేది.

సునామీ అలకి అన్న డుంగీ పోయింది. డుంగీ అంటే ఇంజను బిగించిన చెక్కపడవ. తర్వాత ఇంకొకటి సంపాదించుకున్నాడు. అయితే ఆయనకి పోయింది పడవొక్కటే కాదు. మా పాత జాలర్లు సముద్రంలో దారి పట్టేది ఒడ్డుని చూసి. ఈ కొండ కొమ్ము, దాని కింద ఆ కొబ్బరిచెట్ల వరస ఒక గీతలోకి వస్తే ఇక్కడ వల వెయ్యాలి, ఆ పాయ నోరు కనబడితే ఇటు తిరగాలి, అలా. వాటిని గుర్తులు అనేవారు. భూకంపానికి మా వైపు నేల కుంగింది. చెట్ల వరసలు ఉప్పునీళ్లలో నిలబడి ఎండిపోయాయి, పొలాలు ఉన్నచోటికి సముద్రం వచ్చి కూర్చుంది. తండ్రి నేర్పిన గుర్తుల్లో చాలా భాగం లేకుండా పోయాయి. "సవుద్రం అలగే ఉన్నాది దీదీ, ఒడ్డే నన్ను మరిసిపోనాది" అనేవాడు అన్న. కొన్నేళ్లపాటు ఆయన ఒంటరిగా దూరం వెళ్లలేదు. ఇంకొకళ్ల పడవ వెనకే తన పడవ నడిపేవాడు. ఒకప్పుడు పది పడవలకి ముందు నడిచిన మనిషి అలా వెనక పడటం చూడటానికి కష్టంగా ఉండేది.

జీపీఎస్ ఉన్న ఫోన్లు సెకండ్ హ్యాండ్‌లో దొరకడం మొదలయ్యాక నేనే ఆయనకి ఒకటి అంటగట్టాను. ఒకసారి మ్యాపు దింపుకుంటే నెట్టు లేకపోయినా దారి చూపిస్తుందని, చేపలు పడ్డచోట వేలితో గుర్తు పెట్టుకోవచ్చని చెప్పాను. గుర్తు అన్న మాట వినగానే ఆయన మొహం వెలిగింది. నెల తిరిగేసరికి తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని, ఎవరి వెనకా పడకుండా, రాత్రి సముద్రంలోనే ఉండి మర్నాడు సాయంత్రానికి రావడం మొదలుపెట్టాడు. చిక్కల్లా బ్యాటరీతోనే. జీపీఎస్ ఆన్‌లో ఉంటే రెండో రోజు పొద్దెక్కేసరికి ఫోను ఖాళీ. పవర్ బ్యాంకులు కొనిపిస్తే ఉప్పునీళ్లకి ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. చివరికి నేను ఆయన ఫోనుకి జహాజు సెట్టింగు చేసిచ్చాను. ఆ చిప్పు బంగారం. నేను చేసినవాటిలో అంత కిందికి దిగి కూడా కిక్కురుమనకుండా పనిచేసింది ఇంకోటి లేదు. దాదాకి చూపించి మరీ మురిసిపోయాను. అన్న చేతిలో పెడుతూ మామూలుగానే చెప్పాను: "ఠండాగా ఉంచన్నా, బస్, ఇంకేం అక్కర్లేదు."

ఆ ట్రిప్పులో ఆయన చెప్పిన వేళకి రాలేదు.

నాకు తెలిసింది వదిన షాపుకి రావడంతో. చేపల బుట్ట లేకుండా ఆవిణ్ణి చూడటం అదే మొదలు. కౌంటరు ముందు నిలబడి, "ఫోను కొడతుంటే పలకట్నేదు. నిన్నే రావాల. నువ్వు సేసిన ఫోను కదా, నీకేటైనా తెలుస్తాదేమో అని ఒచ్చినాను" అంది. అరవలేదు, తిట్టలేదు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం కూడా అదే మొదలు. నా దగ్గర ఆయన జాడ తెలిపే మిషనేమీ లేదని చెప్పడానికి నోరు రాలేదు. మా సేటు ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆవిడ తాగలేదు. జెట్టీ దగ్గర ఉంటానని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రానికి అన్న వచ్చేశాడు. రెండో రోజు పొద్దునే ఫోను బిగుసుకుపోయిందట. ఆపి మళ్లీ వెలిగిస్తే తెర మీద కంపెనీ బొమ్మ దాకా వచ్చి ఆగిపోయింది, మళ్లీ వెలిగిస్తే మళ్లీ అంతే. మబ్బు కమ్మి ఒడ్డు కనబడలేదు. ఎటు వెళుతున్నారో తెలియకుండా తిరిగి, చివరికి హ్యాడో రేవు వైపు వస్తున్న ప్యాసింజరు జహాజు కంటబడితే దాని వెనక పడి వచ్చారు. డీజిలు ఆఖరి చుక్కల మీద ఉందట.

మర్నాడు అన్న ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీ సెట్టింగు సచ్చిపోనాది దీదీ." కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. వెనకే ఇంకో కబురు చెప్పాడు. వదిన ఇక సముద్రం వద్దంటోందట. డుంగీ కొంటానని ఒకాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఈ వారంలో వచ్చి చూసుకుంటానన్నాడట. "అమ్మీసి ఎవుడి పడవలోనో కూలికి ఎల్తాను. ఈ వయసులో మరేటి సేస్తాం" అన్నాడు. సొంత పడవ చుక్కాని పట్టుకున్న చెయ్యి ఇంకొకడి వల లాగడానికి పోవడమంటే ఏమిటో, జాలర్ల పక్కన పెరిగిన ఎవరికైనా చెప్పక్కర్లేదు.

నేను ఫోనుకి ఛార్జింగు పెట్టి వెలిగించాను. నిక్షేపంలా వెలిగింది. ఈ పనిలో ఇంతకన్నా పెద్ద శాపం లేదు. ఇంటి దగ్గర చచ్చిన ఫోను మెకానిక్ బల్ల మీద లేచి కూర్చుంటుంది, పంటి నొప్పి డాక్టరు గుమ్మం దగ్గర మాయమైనట్టు. రోజంతా హింస పెట్టాను. ఎండలో పెట్టాను. డిక్కీలో పడేసి బతు బస్తీలో మా ఇంటిదాకా తిప్పి తెచ్చాను. ఏమీ కాలేదు.

మా సేటు భయపడ్డాడు. "దీదీ, ఈ జహాజు సెట్టింగు బంద్ చేసేద్దాం. ఇచ్చినవన్నీ వెనక్కి తెప్పించి కంపెనీ సెట్టింగు పెట్టేద్దాం. రేపు ఎవరికైనా ఏదైనా అయితే షాపు పేరు ఖతమ్" అన్నాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. కానీ కంపెనీ సెట్టింగు పెడితే అన్న ఫోను రెండో రోజు పొద్దునే చస్తుంది. అంటే డుంగీ పోయినట్టే.

"ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా నేను మార్చను సేటూ. తెలిశాక నువ్వు బంద్ చెయ్యమంటే చేస్తా" అన్నాను.

"తెలియకపోతే?"

"నాకు తెలియకపోవడమేంటి!"

అలా అన్నానే గానీ, లోపల గుబులుగానే ఉంది. అన్నని పిలిచి మొదట్నుంచీ చెప్పమన్నాను. ఎక్కడ పెట్టావు, ఎప్పుడు తీశావు, తడి చేత్తో ముట్టుకున్నావా అని పోలీసులా అడిగాను.

"తడేటి? ప్లాస్టిక్ సంచీలో సుట్టి, ఇంకో సంచీలో పెట్టి, నువ్వు సెప్పినట్టే ఠండాగా ఉంచినాను."

"ఠండాగా అంటే?"

"ఐసుపెట్టెలోనే మరి! చేపల పక్కన పండబెట్టినాను. సచ్చిపోనాక కూడా అందులోనే దాసినాను. నువ్వే కదా ఠండా ఠండా అని పోరినావు!"

దాదా పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను. నాలుగు దశాబ్దాలు ఉక్కపోతలో బతికినదాన్ని, ఠండా అంటే ఫ్యాను కింద పెట్టమని నా ఉద్దేశం. ఆయనకి ఠండా అంటే ఐసు, చేపకి మంచిది ఫోనుకి మాత్రం మంచిది కాదా! పైగా డుంగీలో మూత ఉన్న పెట్టె అదొక్కటే. నీళ్లు చేరి ఉంటాయనుకుని ఫోను విప్పాను. లోపల తడి తగిలితే రంగు మారే చీటీ ఒకటి ఉంటుంది. అది తెల్లగా, పొడిగా ఉంది. ప్లాస్టిక్ సంచీల కట్టుడులో ఆ మనిషిని తప్పుపట్టడానికి లేదు.

"ఐసు వల్ల కానే కాదు దీదీ" అన్నాడు దాదా. "చల్లగా ఉంటే ప్రాసెసర్ ఇంకా బాగా ఉరుకుతుంది. విదేశాల్లో రేసు సెట్టింగు చేసేవాళ్లు ఐసు కన్నా చల్లటి మందులు పోసి మరీ పరిగెత్తిస్తారు. ఐసు ప్రాసెసర్‌కి చుట్టం."

నేనూ అలాగే అనుకున్నాను. కానీ నీళ్లు కాదు, వేడి కాదు, దెబ్బ తగల్లేదు. ఇక మిగిలింది ఒక్క చలే. మన దీవుల్లో స్వెట్టరు అమ్మే కొట్టే లేదు. ఇక్కడి మెకానిక్ ఫోనుని వేడికి పరీక్ష పెడతాడు, చెమటకి పెడతాడు, ఉప్పుగాలికి పెడతాడు. చలికి ఎవడు పెడతాడు? పక్క కొట్టువాడు కూల్‌డ్రింకులు పెట్టుకునే ఐసు డబ్బా ఒకటి అరువు అడిగాను. మా ఊళ్లో కూల్‌డ్రింకునీ ఠండా అనే అంటారు. ఫోనులో పరీక్ష ప్రోగ్రాము ఆడిస్తూ, అన్న కట్టినట్టే రెండు సంచీల్లో చుట్టి, సీసాల మధ్య ఐసులో పండబెట్టాను. సేటు తల పట్టుకున్నాడు. దాదా కుర్చీ లాక్కుని తమాషా చూడటానికి కూర్చున్నాడు.

టీ తాగి వచ్చి తీసి చూస్తే ఫోను బిగుసుకుపోయి ఉంది. ఆపి వెలిగించాను. బొమ్మ దాకా వచ్చి ఆగింది. మళ్లీ వెలిగించాను, మళ్లీ అంతే. చీర చెంగులో చుట్టి వెచ్చబెట్టి వెలిగిస్తే, అమాయకంగా నవ్వుతూ లేచింది.

ఆ క్షణం నేను షాపులో గట్టిగా కేకేశాను. ఇంత వయసొచ్చాక కూడా ఆ కేక తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

సంగతి ఏమిటంటే, దాదా చెప్పింది నిండా వోల్టేజీ అందే ప్రాసెసర్‌కి నిజం. నెయ్యి తినేవాడికి చలి హుషారు. నేను గంజి మీద ఉంచిన చిప్పు వేరు. వోల్టేజీ బాగా తగ్గించినప్పుడు, చలికి అది చురుకవడం మానేసి మందగిస్తుంది. బ్యాటరీ కూడా చలికి బద్ధకిస్తుంది. రెండూ కలిసి నా బంగారు చిప్పుని పడగొట్టాయి. తర్వాత ఎప్పుడో నెట్టులో వెతికితే ఇది తెలిసినవాళ్లకి తెలిసిన విషయమేనని, దానికి ఒక పేరు కూడా ఉందని తేలింది. మా దాకా ఆ ముక్క ఏ ఓడా మోసుకురాలేదు. కూల్‌డ్రింకుల డబ్బాలో మేమే కనిపెట్టుకున్నాం.

ఐసులో పెట్టొద్దని చెబితే సరిపోతుంది కదా అన్నాడు సేటు. సరిపోదు. పడవలో పొడిగా ఉండే చోటు ఆ పెట్టే. ఎక్కడ పెట్టకూడదో చెప్పడం కాదు, ఎక్కడ పెడతారో అక్కడ బతికేలా చెయ్యాలి. మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి. వోల్టేజీ కొన్ని మెట్లు పైకెక్కించాను. ఐసులో పెట్టాను. చచ్చింది. ఇంకో రెండు మెట్లు ఎక్కించాను. ఈసారి ఐసు కరిగి నీళ్లయ్యేదాకా ఉంచినా ప్రోగ్రాము ఆడుతూనే ఉంది. బ్యాటరీ మునుపటంత రాదు, కానీ కంపెనీ సెట్టింగు కన్నా ఎక్కువే వస్తుంది. రెండో రోజు పొద్దు గూకేదాకా లాగుతుందని లెక్క కట్టాను.  పక్క కొట్టువాడికి ఐసు డబ్బులు సేటే ఇచ్చాడు.

ఫోను పట్టుకుని జంగ్లీఘాట్ వెళ్లాను. డుంగీ కొనే ఆయన మర్నాడు వస్తానన్నాడట. అన్న నా మాటలు విని ఆశగా వదిన కేసి చూశాడు. వదిన చేపలు తోముతున్న చెయ్యి ఆపకుండా, "నువ్వు కొట్లో కూకుని ఠండా డబ్బాలో ఎట్టి సూసినావు. సవుద్రం డబ్బా కాదు గదా దీదీ" అంది.

"కాదు వదినా. కానీ చలి చలే."

"అంత నమ్మకమైతే నువ్వూ ఎక్కు. నానూ ఎక్కుతాను. నా కళ్లతో సూస్తాను. అప్పుడు సెప్తాను అమ్మాలో ఒద్దో."

అన్నకి ఇది అసలు మింగుడుపడలేదు. "ఆడోళ్లు వలపడవ ఎక్కుతారేటి? నలుగురు ఏటంటారు?"

"నలుగురూ నిన్ను ఎతకడానికి ఒచ్చినారేటి? నానే కదా జెట్టీ కాడ నిలబడ్డాను." అన్న డీజిలు డబ్బా తీసుకుని పడవ వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఐసుపెట్టెలో ఐసు నింపి, ఫోనుని మామూలుగా సంచీల్లో చుట్టి పెట్టాడు అన్న. సిగ్నల్ ఆపేస్తే బ్యాటరీ ఇంకా వస్తుందని నేను ఆపబోతే వదిన ఒప్పుకోలేదు. "మొన్న ఫోను కొట్టి కొట్టి వేళ్లు నొప్పెట్టినాయి. మోగాల, అంతే" అంది. పెట్టె మూత మీదే కూర్చుంది. ఫోను బయటికి తీయాలంటే ఆవిడ లేవాలి. నాకు సముద్రం పడదు. జట్కా బండిలాంటి కుదుపులకి కడుపులో దేవుతుంటే, పెదాలు బిగబట్టి, మెకానిక్‌నన్న గౌరవం నిలబెట్టుకున్నాను.

ఒడ్డు నీలం గీతలా సన్నబడ్డాక వదిన లేచి మూత తీసింది. సంచీ నిండా చెమట. లోపల ఫోను మీద మ్యాపు వెలుగుతోంది, మా డుంగీ చుక్కలా దాని మీద కదులుతోంది. ఆవిడ దాన్ని తనే పట్టుకుని, తెర కనబడకుండా చేత్తో మూసింది.

"ఇల్లు ఎటు?" అని మొగుణ్ణి అడిగింది.

ఆయన చుట్టూ చూశాడు. చాలాసేపు చూశాడు. వేలు చాపాడు. వదిన తెర మీద చెయ్యి తీసి నాకు చూపించింది. వేలు కాస్త పక్కకి పోయింది, మరీ ఎక్కువ కాదు. ఆ దిక్కున వెళితే ఇల్లు కాకపోయినా ఒడ్డు తగులుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మరి మొన్న ఎందుకు తెల్దన్నావు?" అంది వదిన.

అన్న చుక్కాని వదలకుండా, నీళ్లలోకి చూస్తూ చెప్పాడు. "మొన్న ఫోను సచ్చిపోగానే నాకు ఆ అల గుర్తొచ్చీసినాది. ఎటు తిప్పినా తప్పే అనిపించినాది. తెల్దు అని కాదే. బయమేసినాది." ఆయన పెళ్లాంతో ఆ మాట అనడం అదే మొదటిసారేమోనని నాకు ఎందుకో అనిపించింది. మగవాడు భయమేసిందని చెప్పడానికి ఒడ్డు కనబడనంత దూరం రావాల్సి వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కడుపులో తిప్పు వల్ల అనుకున్నారు వాళ్లు, నేనూ కాదనలేదు.

 వదిన ఫోనుని మళ్లీ సంచీల్లో చుట్టింది, అన్న చుట్టినదానికన్నా గట్టిగా. ఐసు తవ్వి అడుగున పెట్టి, పైన ఇంకా ఐసు కప్పి, మూత వేసి దాని మీద కూర్చుంది. ఆయన వల వేశాడు. పడిన చేపల్ని ఆవిడే ఏరి, ఆవిడే తిట్టి, ఆవిడే పెట్టెలో వేసింది.

తిరుగుదారిలో, ఒడ్డు మళ్లీ చెట్లుగా విడివిడిగా కనబడే వేళకి, ఆవిడ కింద పెట్టె మోగింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఆవిడ లేచి, చేపల్ని పక్కకి తోసి, ఐసు కారుతున్న సంచీ తీసింది. విప్పడానికి ఓపిక లేక ప్లాస్టిక్ మీంచే వేలితో తోసి, అలాగే చెవికి ఆనించుకుంది. చలికి మొహం ముడుచుకుపోయినా ఫోను దించలేదు. అవతల డుంగీ చూడటానికి జెట్టీ మీదికి వచ్చిన మనిషి. పడవ ఏదీ అని అడుగుతున్నాడు.

చుక్కాని దగ్గర అన్న ఇంజను జోరు తగ్గించాడు, మాట వినబడాలని. ఇటు తిరగలేదు. ఆయన వీపు మాత్రమే నాకు కనబడుతోంది.

"అమ్మకానికి నేదు బాబూ," అని కేకేసింది వదిన, గోల్ ఘర్ దాకా వినబడే ఆ గొంతుతో. "పడవేది అంటావేటి? పన్లోకి ఎల్లింది. నానా? నానూ దాన్లోనే ఉన్నాను."